నాయుడు రాయని నాయుడి బ్లాగు

వకీలు వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. కాఫీ తాగుతారు, నా మోకాళ్ల గురించి అడుగుతారు, ఆ తరవాత అసలు ప్రశ్న. "మేడమ్, క్లయింట్లు ఎలా వస్తారు?" మా రోజుల్లో ఆ మాట పైకి అనడానికి సిగ్గుపడేవాళ్లం. మనసంతా అదే ఉన్నా "సాక్ష్యాల చట్టంలో చిన్న సందేహం సార్" అని మొదలుపెట్టేవాళ్లం. వీళ్లు నయం, సూటిగా అడుగుతారు. నేను నోరు తెరిచేలోగా జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. "బ్లాగు పెడదామనుకుంటున్నాం మేడమ్. రాసిపెట్టేవాళ్లున్నారు."

ఒకమ్మాయైతే "ఇప్పుడు మనిషి కూడా అక్కర్లేదు మేడమ్, ఫోనే రాసి ఇచ్చేస్తుంది" అంది. అప్పుడే ఇది రాయాలనిపించింది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మా నాన్నగారు అమలాపురం దగ్గర నుంచి విశాఖపట్నం పోర్టులో ఉద్యోగానికి వచ్చారు. నేను పోర్టు క్వార్టర్స్‌లో పెరిగి, ఇక్కడే లా చదివి, ఇక్కడి కోర్టుల్లోనే సివిల్ కేసులు చేసి, మెట్లు ఎక్కలేక మానేశాను. ఎక్కువగా ఇళ్లు, కొట్లు, ప్రహరీ గోడల తగాదాలు. పేపర్లో పడే కేసు ఒక్కటీ చేయలేదు.

ఇక్కడ చెప్పబోయేది ముఖ్యంగా నా స్నేహితుడు చిన్నంనాయుడి కథ. రాయబోయే ముందు అతన్ని అడిగాను, పేరు మార్చమంటావా అని. "మార్చొద్దప్పా. ఈసారైనా నా పేరు మీద నిజం రానీ" అన్నాడు.

సదరు ఎవరు?

ముందు మా సీనియర్ సోమయాజులు గారి గురించి చెప్పాలి. ఎందుకంటే వేరేవాళ్ల పేరుతో రాయడమనే విద్య నాకు నేర్పింది ఆయనే.

నవ్వకండి. మన వృత్తిలో సగం అదే. దావా మనం రాస్తాం, పార్టీ సంతకం పెడతాడు. అఫిడవిట్‌లో "నేను" అంటే మనం కాదు, అవతల బెంచీ మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్న మనిషి. జూనియర్ రాసిందానికి సీనియర్ పేరు పెట్టుకోవడం గురించి ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి ఒకరి రాత మీద ఇంకొకరి పేరుండటమే మహాపాపం అని ఏ వకీలైనా అంటే, ఆయన ఇన్నాళ్లూ కోర్టు బయట పల్లీలు అమ్మాడా అని అడగాలి.

సోమయాజులు గారి తెలుగు పట్టుచీర కట్టుకున్నట్టు ఉండేది. ఒకసారి భీమిలి వైపు నుంచి ఒక మత్స్యకారుడు వచ్చాడు. పక్కవాడు తన వల చింపేశాడని గొడవ. ఆయన రాసిన అఫిడవిట్‌లో ప్రతి వాక్యంలోనూ "సదరు ప్రతివాది దురుద్దేశపూర్వకంగా" అని ఉంది. అవతలి వకీలు గడుసు మనిషి. బోనులో ఉన్న మావాణ్ణి మెల్లగా అడిగాడు.

"ఏమయ్యా, ఈ సదరు ఎవరు?"

మావాడు మా సీనియర్ వైపు చూశాడు. ఆయన పైకప్పు వైపు చూశారు.

"ఆ సదరెవలో నాకు తెల్దు బాబూ. ఆయన్ని ఇందులోకి ఎందుకు తెచ్చేరో కూడా తెల్దు. నా వల సింపినోడు అప్పన్న."

కోర్టంతా నవ్వింది. ఆ రోజు గదికి తిరిగొచ్చాక సోమయాజులు గారు కోటు విప్పుతూ "కామేశ్వరీ, చొక్కా మనం కుట్టినా తొడుక్కునేవాడి కొలతలు తీసుకోవాలమ్మా" అన్నారు. తరవాత కూడా ఆయన "సదరు" మానలేదు, అది వేరే సంగతి. నేను మానేశాను. రాసింది పార్టీకి చదివి వినిపించి, "ఇందులో నువ్వు అనని మాట ఏమైనా ఉందా?" అని అడిగి గానీ సంతకం పెట్టించలేదు.

చిన్నంనాయుడి నోరు, శైలజ చెయ్యి

చిన్నంనాయుడూ నేనూ ఒకే ఏడు ప్రాక్టీసు మొదలుపెట్టాం. తగరపువలస మనిషి. నన్ను మొదటిరోజు నుంచీ "అప్పా" అనే పిలుస్తాడు. సాక్షుల్ని ప్రశ్నించడంలో అతన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. బోనులో నిలబడి వణుకుతున్నవాణ్ణి "ఏటి బావా, ఆ పొద్దు వానొచ్చిందా?" అని పలకరించేవాడు. ఎక్కడో అత్తారింటి అరుగు మీద కూర్చున్నట్టు అనిపించి వాడు ఉన్నదంతా చెప్పేసేవాడు. ఒక జడ్జిగారు "సాక్షిని బావా అనకూడదు" అని మందలిస్తే "అలాగేనండి" అని ఒప్పుకుని, సాక్షి వైపు తిరిగి "ఏటి మావా, ఆ పొద్దు వానొచ్చిందా?" అన్నాడు.

నోట్లో ఉన్న సరస్వతి చేతిలో లేదు. వాయిదా కోరుతూ రెండు లైన్లు రాయమన్నా చెమటలు పట్టేవి.

ఈలోగా కాలం మారింది. కొత్త వకీళ్లందరికీ ఇంటర్నెట్లో పేజీలు వచ్చాయి. మనం ప్రకటనలు చేసుకోకూడదని వృత్తి నియమం ఉంది కదా. కానీ చట్టం గురించి జనానికి నాలుగు మంచి మాటలు చెప్పడం ప్రకటన కాదు, సేవ. ఆ సందులోంచి అందరూ దూరారు. నాయుడూ దూరాడు. దూరడానికి శైలజను పెట్టుకున్నాడు.

శైలజ దువ్వాడలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా చేసేది. కాలేజీవాళ్లు తెలుగు ఎత్తేశారు. అప్పటి నుంచి ఇంట్లో కూర్చుని, ఎవరికి కావాలంటే వారికి వ్యాసాలు రాసిపెట్టేది. పళ్ల డాక్టర్లకి చిగుళ్ల గురించి, వాస్తు చెప్పేవాళ్లకి ఈశాన్యం గురించి, నల్లుల మందు కొట్టే కంపెనీకి నల్లుల గురించి. ఆ వరసలో వకీలు నాయుడికి చట్టం గురించి. నాయుడు ఫోన్లో విషయం చెప్తాడు, ఆవిడ రాస్తుంది, అతని పేరుతో, ఫొటోతో వస్తుంది. ఫొటోలో నల్లకోటు వేసుకుని చేతులు కట్టుకుని ఉంటాడు. వెనక ఉన్న లావుపాటి పుస్తకాలు స్టూడియోవాడి తెర మీద బొమ్మ.

ఆవిడ రాత బాగుండేది. అబద్ధం ఎందుకాడాలి, నేను కూడా చదివేదాన్ని. "చట్టం తెలియకపోవడం నేరం కాదు, తెలుసుకునే అవకాశం ఉన్నా చీకట్లోనే కూర్చోవడం మాత్రం మన దురదృష్టం" అని రాసేది. నాయుడు జన్మలో అలా మాట్లాడలేదు. దాంతో వచ్చిన చిక్కు ఒకసారి నా కళ్లముందే జరిగింది. నేను అతని గదిలో ఉండగా ఒకావిడ వచ్చి కూర్చుంది. ఎదురుగా నాయుడు లుంగీ మీద, చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటున్నాడు.

"సార్ లేరాండీ?"

"నానే. సెప్పమ్మా."

ఆవిడ గోడ మీది ఫొటో చూసింది, మనిషిని చూసింది. "మీరు కాదండీ. రాసే సార్."

టీ ఇచ్చింది గానీ కవరు తీసుకోలేదు

జుబేదా బేగం నా దగ్గరకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఆవిడకి పెళ్లి సామాను కొట్టుంది. జరీ దండలు, పెళ్లికొడుకు ముఖానికి కట్టే సెహరాలు, అత్తరు. కొట్టు గది అద్దెది. అత్తగారి హయాం నుంచీ అందులోనే ఉన్నారు. యజమాని సూర్రావు గారు ఆ గదిలో బేకరీ పెట్టుకోవాలని ఖాళీ చేయమన్నారు, ఈవిడ చేయనంది. ఆయన కోర్టుకెళ్లారు.

ఇంతవరకూ మామూలే. తరవాతే వింత. ఆ ఉదయం సూర్రావు గారు వడ్రంగిని వెంటబెట్టుకుని టేపుతో కొట్టు కొలవడానికి వచ్చారట. ఇదేమిటంటే "కోర్టు ఆర్డర్ వచ్చేసిందిగా" అన్నారట. ఈవిడ ఒక్క వాయిదాకి కూడా వెళ్లలేదు. కేసు ఏకపక్షంగా తేలిపోయింది.

"సమన్లు రాలేదా అమ్మా?" అని అడిగాను.

"వచ్చినయ్ మేడమ్. నేనే తీసుకోలా."

"ఏం?"

"తీసుకోకపోతే అందనట్టే కదా. పోస్ట్‌మాన్ పాపం రోజూ వచ్చిండు. టీ ఇచ్చినా, కుర్చీ వేసినా, ఫ్యాను తిప్పినా. కవర్ మాత్రం ముట్టుకోలా. రాసుకోనీకి పెన్ను కూడా నేనే ఇచ్చినా. తర్వాత కోర్టాయన వచ్చిండు. ఆయనకీ అదే చెప్పినా. నేనే జుబేదా, తీసుకోను అని."

కొత్తవాళ్లకి ఒక మాట. ఈ భ్రమ మన జనంలో చాలా గట్టిది. కోర్టు కాగితం తీసుకోనని తిప్పి పంపితే, చట్టం దృష్టిలో అది అందినట్టే లెక్క. పోస్ట్‌మాన్ కవరు మీద "నిరాకరించారు" అని రాసిన ఆ ఒక్క మాట చాలు. అది కూడా ఈవిడ పెన్నుతోనే.

"ఎవరు చెప్పారమ్మా నీకు ఇలా?"

"ఎవరో చెప్తే వింటానా మేడమ్? పెద్ద వకీల్ సాబ్ రాసిండు." ఫోన్ తీసి చూపించింది. "నోటీసు వచ్చిందా? కంగారు పడకండి!" అని శీర్షిక. కింద చేతులు కట్టుకున్న నల్లకోటు, తెర మీది పుస్తకాలు. మూడో పేరాలో, చక్కటి తెలుగులో: "నోటీసును మీరు స్వీకరించనంత వరకు అది మీకు అందనట్టే."

ఆ ఉదయం సూర్రావు గారు ఆవిడ చేతిలో పెట్టి వెళ్లిన ఆర్డర్ కాపీలో యజమాని తరఫు వకీలు పేరు కోసం చూశాను. చిన్నంనాయుడు.

తాగుతున్న టీ ముక్కులోకి పోయింది. జుబేదా కంగారుగా నా వీపు నిమిరింది. నవ్వుతున్నానో దగ్గుతున్నానో నాకే తెలియలేదు. ఈవిడ కొట్టు ఖాళీ చేయించడానికి కేసు వేసిందీ అతనే, ఆ కేసు కాగితం తీసుకోవద్దని చెప్పిందీ అతనే. ప్రపంచంలో ఇంత సులువుగా కేసు గెలిచిన వకీలు ఇంకొకడు ఉండడు.

విషయం చెప్పాక ఆవిడ మాత్రం నవ్వలేదు. "మా అత్త చనిపోయేటప్పుడు తాళం నా చేతిలో పెట్టింది మేడమ్. ఇప్పుడు నేను చదువుకున్నదాన్నని అనుకుని పోగొట్టినా" అంది. దాంతో నా నవ్వు కూడా ఆగింది.

ఏకపక్షంగా వచ్చిన ఆర్డర్‌ను రద్దు చేయమని అడగడానికి గడువు ఇంకా దాటలేదు. కానీ రాకపోవడానికి సరైన కారణం చూపించాలి. మా దగ్గరున్న కారణం ఒక్కటే, అది నాయుడి బ్లాగు. నా స్నేహితుడి పరువు తీయకుండా ఈవిడ కొట్టు కాపాడే దారి లేదు.

"అమ్మా, అవతలి వకీలు నాకు తెలిసినవాడు. కోర్టులో వేసేముందు ఒకసారి అతనికి చెప్తాను. నీకు ఇష్టమైతేనే."

"చెప్పండి మేడమ్. వెనకనుంచి కొట్టడం మర్యాద కాదు" అంది. ఆవిడ అఫిడవిట్ ఆవిడ మాటల్లోనే రాశాను, టీ ఇచ్చిన సంగతితో సహా.

బాగా రాసేనే!

నాయుడి గదికి వెళ్లి ఫోన్ అతని చేతిలో పెట్టాను. తన బ్లాగు తను చదవడం అదే మొదటిసారని అతని ముఖం చూస్తేనే తెలిసింది. మొదటి పేరా చదివి "బాగా రాసేనే!" అన్నాడు. రెండో పేరాకి తల ఊపాడు. మూడో పేరాలో ఆగాడు. మళ్లీ చదివాడు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మరోసారి చదివాడు.

"ఓలమ్మో. ఇదేటప్పా?"

"నువ్వు రాసిందే."

"నానెందుకు రాస్తాను? లా ఫస్టియర్ కుర్రాడు కూడా ఇలగ రాయడు!"

అఫిడవిట్ కాపీ కూడా ఇచ్చాను. చదువుతూ చదువుతూ కుర్చీలో కిందికి జారిపోయాడు. నల్లకోటు వేసుకుంటూ "పద, దువ్వాడెల్దాం" అన్నాడు. నేను ఎదురుపార్టీ వకీలునని గుర్తుచేశాను. "అందుకే రా. నాను ఆవిడికేటి సెప్పేనో, ఆవిడ నాకేటి సెప్పిందో నీ ఎదరే తేలాల" అన్నాడు.

శైలజ ఇల్లు దువ్వాడ స్టేషన్ పక్కన, పట్టాలకి దగ్గర. రైలు వచ్చినప్పుడల్లా మాటలు ఆపుకుని, పోయాక మళ్లీ అందుకోవాలి. ఆవిడ మాకు బజ్జీలు పెట్టింది. నాయుడు బజ్జీ వైపు చూడకుండానే దాడి మొదలెట్టాడు.

"ఏటమ్మా ఇది? నా కొంప ములిగిపోయింది!"

"మీరు చెప్పిందే రాశాను సార్. ఆ రోజు ఫోన్లో 'నోటీసు తీసుకోకపోతే అందనట్టే' అన్నారు."

నాయుడు నెత్తి కొట్టుకున్నాడు. "'అందనట్టే అని శానామంది అనుకుంతారు, అలగనుకుంతే ములిగిపోతారు' అన్నాను తల్లీ!"

"గూడ్సు వచ్చింది సార్" అంది శైలజ నెమ్మదిగా. "పొడుగు గూడ్సు. అది పోయాక మీరు 'అర్థమైందా?' అన్నారు. వినపడిందాకా అర్థమైంది కాబట్టి అయిందన్నాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. అందుకే వేసేముందు మీకు పంపి, సరిచూడమన్నాను." ఫోన్ తెచ్చి చూపించింది. ఆవిడ పంపిన వ్యాసం, కింద నాయుడు పెట్టిన పచ్చటి బొటనవేలు. పైకి జరిపింది. ఇంకో వ్యాసం, ఇంకో బొటనవేలు. ఎంత పైకి జరిపినా అదే వరస.

"అన్నీ చదివే పెట్టారనుకున్నాను సార్. కానీ ఒకసారి అనుమానం వచ్చింది." ఒకచోట ఆపింది. "ఇది నల్లుల మందు వ్యాసం. కంపెనీకి పంపబోయి పొరపాటున మీకు పంపాను. దీనికీ బొటనవేలు పెట్టారు."

నాయుడి గొంతు చిన్నబోయింది. "అది కూడా నా పేరు మీద ఏసీసేరేటి?"

"లేదు సార్. నాకు ఆ మాత్రం బాధ్యత ఉంది."

నేను బజ్జీ పళ్లెం పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, అక్కడ తనివితీరా నవ్వుకుని తిరిగొచ్చాను. కానీ ఆ బొటనవేళ్ల వరస చూసినప్పుడు నాకు కలిగింది నవ్వు ఒక్కటే కాదు. చదువురానివాడు వేలిముద్ర వేస్తే, దాని పక్కన "చదివి వినిపించగా విని, అర్థం చేసుకుని" అని మనం రాస్తాం. అలా రాయకపోతే కోర్టు ఆ ముద్రని నమ్మదు. నాయుడు వేసిన వేలికి ఆ పాటి విలువ కూడా లేదు.

నాయుడు ఫోన్ పక్కకి నెట్టాడు. తరవాత "తీసీమ్మా. ఆ యాసం ఇప్పుడే తీసీ" అన్నాడు.

"తీయకు" అన్నాను నేను.

"ఏటప్పా! ఉంటే ఇంకోలు సదివి ములుగుతారు కదా?"

"పైన తప్పు దిద్దుతూ పెద్ద అక్షరాల్లో రాయించు. కింద పాతది అలాగే ఉండనీ. రేపు కోర్టులో అది మా సాక్ష్యం. నువ్వు తీసేస్తే సాక్ష్యం మాయం చేసినట్టు."

"తీసేసినట్టు ఎవలికి తెలుస్తాది?"

"నాకు."

మా ఇన్నేళ్ల స్నేహంలో మాటలు అంత గట్టిగా తగలడం అదే మొదలు. ఇంకో రైలు వచ్చింది. ముగ్గురం అది పోయేదాకా ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నాం. నిజానికి అతనికి గెలిచే దారి ఉంది, అది మా ఇద్దరికీ తెలుసు. వ్యాసం చివర చీమల్లాంటి అక్షరాల్లో "ఇది న్యాయసలహా కాదు" అని ఉంది. కోర్టులో అదొక్కటి చూపించి, బ్లాగు చదివి కాగితం తీసుకోకపోవడం ఆవిడ తెలివితక్కువతనం అని వాదిస్తే, చట్టం చాలావరకు అతని వైపే ఉండేది.

తిరిగొస్తూ కార్లో అడిగాడు. "నువ్వు నా సోట్లో ఉంటే ఏటి సేద్దువప్పా?"

"నేను ఎదురుపార్టీని నాయుడూ. నన్నడక్కు" అన్నాను.

కోర్టులో

ఆ రోజు మా పిటిషన్ వంతు వచ్చేసరికి హాలు నిండిపోయింది. ఇలాంటివి ఎలాగో అందరికీ తెలిసిపోతాయి. జుబేదా వెనక బెంచీలో, సూర్రావు గారు ఆ పక్క బెంచీలో. నేను వ్యాసం చదివి వినిపించాను. జడ్జిగారు నాయుడి వైపు తిరిగారు.

"నాయుడుగారూ, ఇది మీరు రాసిందేనా?"

ఆ ప్రశ్నకి ఎటు చెప్పినా దెబ్బే. అవునంటే ఎదురుపార్టీని తప్పుదారి పట్టించినవాడవుతాడు. కాదంటే ఇన్నాళ్లూ జనం మెచ్చుకున్న రాత అతనిది కాదని నిండు కోర్టులో ఒప్పుకోవాలి. చిన్న అక్షరాల మాట ఇప్పుడు ఎత్తుతాడనే అనుకున్నాను.

"రాసింది నాను కాదండి" అన్నాడు. "పేరు నాది. సదవకుండా వేలు పెట్టిందీ నానే. ఆవిడ నా పేరు చూసే నమ్మింది. అందుకని ఆవిడది తప్పని వాదించడానికి నాకు నోరు రాదండి. అలాగని నా పార్టీకి అన్యాయం సేయలేను. ఈ సంగతంతా నిన్ననే సూర్రావు గారికి సెప్పేసేను. నన్ను ఈ కేసులోంచి తప్పించమని మనవి."

జడ్జిగారు కళ్లజోడు తీశారు.

"మీ పేరుతో వచ్చినవి మిగతావైనా చదివారా?"

"ఇప్పుడు సదవతన్నానండి. కొన్ని శానా బాగున్నాయండి."

నవ్వులు ఆగడానికి కొంచెంసేపు పట్టింది. జడ్జిగారు కూడా నవ్వి, "నేనూ కొన్ని చదివాను. ఇంత బాగా రాసే మనిషి నా ముందు 'ఏటండి' అని ఎందుకు మొదలుపెడతాడా అనుకునేవాణ్ణి. ఇవాళ ఆ సందేహం తీరింది" అన్నారు. తరవాత సూర్రావు గారి వైపు చూశారు. "మీరు వేరే వకీలుని పెట్టుకుని ఈ పిటిషన్‌ను వ్యతిరేకించవచ్చు. గడువు కావాలా?"

సూర్రావు గారు లేచి నిలబడ్డారు. ఉక్రోషంగా ఉన్నారు. ఇక అయిపోయిందనుకున్నాను.

"ఏం వ్యతిరేకించమంటారండీ?" అన్నారు. "నేను కూడా ఆ బ్లాగు చూసే కదా ఈయన దగ్గరకొచ్చాను! రాత చూసి, అబ్బో, ఎంత చదువుకున్నాడో అనుకున్నాను. నేనే నమ్మాను. ఆవిడ నమ్మితే తప్పని ఏ మొహం పెట్టుకుని అనేది? మళ్లీ మొదటి నుంచీ విచారించండి. ఈసారి ఎవరి కాగితాలు వాళ్లే చదువుకుంటారు."

ఆర్డర్ రద్దయింది. జడ్జిగారు జుబేదాని ముందుకు పిలిచి "అమ్మా, ఇక మీదట కోర్టు నుంచి వచ్చిన ఏ కవరైనా తీసుకోవాలి" అన్నారు.

"తీసుకుంటా సాబ్. కరెంటు బిల్లొచ్చినా సంతకం పెట్టి తీసుకుంటా" అంది.

తరవాత విచారణ మామూలుగా నడిచింది. అదే వీధిలో సూర్రావు గారికి ఖాళీ గది ఇంకొకటి ఉందని తేలింది. బేకరీ అందులో పెట్టారు, కొట్టు జుబేదాకి మిగిలింది. ఆవిడ ఆయన దగ్గరే బన్నులు కొంటుంది, గట్టిగా ఉన్నాయని తిడుతుంది కూడా.

నా అభిప్రాయం

రాసిపెట్టించుకోవడం తప్పా అని పిల్లలు అడుగుతారు. పళ్ల డాక్టరు చిగుళ్ల గురించి ఎవరిచేత రాయించుకున్నా నాకు అభ్యంతరం లేదు, పన్ను పీకేది తనే అయితే చాలు. మనకి మాటే పని. వకీలు రాత చదివేవాడు కులాసాకి చదవడు. ఇంటికి నోటీసు వచ్చినవాడు, మొగుడు వదిలేసినావిడ, అన్నదమ్ములు గోడ కట్టేసినవాడు చదువుతారు. కింద పేరు చూసి, ఈ మనిషి మాటకి పూచీ పడుతున్నాడు అనుకుంటారు. శైలజ రాయడంలో మోసం లేదు. ఆ పూచీ పడాల్సినవాడు చూడకుండా పడ్డాడు, మోసం అక్కడుంది. ఇప్పుడు ఫోను రాసిచ్చినా సంగతి అదే. పైగా మన మాట మధ్యలో రైలొస్తే, వినపడలేదని అది చెప్తుందని నాకు నమ్మకం లేదు.

ఇంకొకటి, ఇది నా సొంత చాదస్తం అనుకున్నా సరే. మనది కాని తెలివిని చూపించి మనిషిని గుమ్మం దాకా రప్పిస్తే, లోపలికొచ్చాక వాళ్లకి కనిపించేది మనమే. నాయుడు తన నోటితో బతికినవాడు. ఆ నోరు చూసి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. రాత చూసి వచ్చినవాళ్లలో చాలామంది "రాసే సార్" కోసం వెతికి వెళ్లిపోయారు.

శైలజని అతను మానిపించలేదు. ఇప్పుడు ప్రతి వ్యాసం కింద "చెప్పింది చిన్నంనాయుడు, రాసింది శైలజ" అని ఉంటుంది. ఆదివారం పొద్దున్న ఆవిడ ఫోన్లో మొత్తం చదివి వినిపిస్తుంది, అతను ఉఁ కొడుతూ వింటాడు. మధ్యలో ఉఁ ఆగితే ఆవిడ చదవడం ఆపేస్తుంది. ఆ తప్పుకి దిద్దుబాటు మాత్రం అతనే సొంతంగా రాశాడు. "నోటీసు వస్తే తీసుకోండి. తీసుకోకపోయినా తీసుకున్నట్టే. ముందు రాసింది తప్పు. ఇది నాను రాసేను." అక్షరాలు సరిచేస్తానని శైలజ అంటే ఒప్పుకోలేదట.

వీడ్కోలు రోజు

నేను ప్రాక్టీసు మానేసినప్పుడు తోటి వకీళ్లు చిన్న సభ పెట్టారు. నాయుడు మైకు దగ్గరికొచ్చి జేబులోంచి కాగితం తీశాడు. చదవడం మొదలుపెట్టాడు. "సహనానికి మారుపేరు, సౌమ్యతకు నిలువెత్తు రూపం..." చాలా బాగుంది. నాలుగు వాక్యాలు చదివి ఆగాడు. కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ కాగితం వైపు చూశాడు.

"ఇది శైలజమ్మ రాసిందండి. రాత్రి సదివినపుడు బాగానే ఉంది. ఇప్పుడు మనిసిని సూసి సదవతంటే అతకతల్లేదు" అన్నాడు. "సహనం ఎక్కడుందండి ఈవిడికి? నన్ను తిట్టని వారం లేదు."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మైకు కీచుమంది.

"నాను ఎదురుపార్టీనని తెలిసీ, కోర్టుకెల్లకముందు నా గదికొచ్చి సెప్పింది. స్నేహితురాలని తెలిసీ, కోర్టులో ఒక్క ముక్క తగ్గించలేదు. రెండూ ఒకే మనిసి సెయ్యడం నాను మళ్లీ సూళ్లేదు."

ఇంకేదో అనబోయాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఎంతటి సాక్షినైనా మాట్లాడించినవాడు, తనకే మాట అందక, చివరికి చెయ్యి ఊపేశాడు.

"అంతేనండి. బోయనాలకి లెగండి."